పేరు మీద పడ్డ తప్పుడు ముద్ర: ఈమ్యాక్స్ లిస్పు క్లాసుల్లో ఉత్తుత్తి ‘అబ్సొలీట్’ వార్నింగులు తీసేయడం ఎలా

ఏనుమాముల మార్కెట్ యార్డులో మా చిన్నాయనకు అడ్తి దుకాణం ఉంది. మిర్చి సీజన్ వచ్చిందంటే తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం రసీదులు, రాసీ రాసీ గుమస్తా వేళ్లు వంకరపోతున్నాయని, ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, దాని సొంత భాష లిస్పుతో, ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు పేరు, రకం, బస్తాలు, కాంటా తూకం, ధర కొడితే చాలు, తక్‌పట్టీ అచ్చవుతుంది. బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం, యార్డులో జెండా పాట అయిపోయి జనం పలుచబడ్డాక, అక్కడే కూర్చొని ఆ ప్రోగ్రాంను రెండు మూడు ఫైళ్లుగా విడగొట్టాను. మళ్లీ కంపైల్ చేస్తే స్క్రీన్ కింద వార్నింగులు వరస కట్టాయి.

వెనక నిలబడి చూస్తున్న చిన్నాయన, "గా రాతలేందిరా, లెక్క తప్పిందా?" అన్నాడు.

"లెక్క తప్పలేదు చిన్నాయనా. ఈ పేరు పాతదైపోయింది, వాడొద్దు అంటుంది."

"నువ్వు నిన్న రాస్తివి గద. పాతదెట్లయితది?"

సరిగ్గా అదే అడగాల్సిన ప్రశ్న. నేను నిన్న పెట్టిన పేరు, నేనే రాసిన క్లాసు, దాన్ని ఎవరు పాతది చేశారు? మీకూ ఇలాంటి వార్నింగు వచ్చి ఉంటే, దాన్ని నోరు మూయించే ముందు ఈ ప్రశ్నకు జవాబు ఎలా రాబట్టాలో చెప్తాను. నేను మొదట నోరు మూయించాను. ఏమైందో మధ్యలో వస్తుంది.

ఒక మాట. కోడ్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టుకోండి. క్లాసు, ఫంక్షన్, సింబల్ అంటే ఏంటో తెలిసినవాళ్లకే ఇది. లిస్పు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు పేజీ గుర్తు పెట్టుకుని తర్వాత రండి.

ముద్ర ఎక్కడ ఉంటుంది

ఈమ్యాక్స్ లిస్పులో క్లాసులు రాయడానికి ఈఐఈఐఓ అనే లైబ్రరీ ఉంది. 1994లో కామన్ లిస్పు ప్రమాణంలో చేరిన ఆబ్జెక్ట్ పద్ధతిని చూసి, దాన్ని ఈమ్యాక్స్‌కు తగ్గట్టు కుదించి కట్టినది. 2010లో వచ్చిన 23.2 నుంచి ఈమ్యాక్స్‌తో పాటే వస్తోంది. 2016 సెప్టెంబరులో వచ్చిన 25.1లో దాని పునాది మారింది. మెథడ్‌ల పని అంతా సీఎల్-జెనరిక్ అనే కొత్త లైబ్రరీ చేతికి వెళ్లింది. పాత పద్ధతిలో రాసిన కోడ్ ఆగిపోకుండా పాత పేర్లను అలాగే ఉంచి, వాటి మీద ‘అబ్సొలీట్’ అని ముద్ర కొట్టారు. అందుకే మీకు కనబడే వార్నింగుల్లో ఎక్కువ వాటికి "25.1 నుంచి" అన్న తోక ఉంటుంది.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ముద్ర ఫంక్షన్ మీద పడదు, పేరు మీద పడుతుంది. లిస్పులో పేరు అంటే సింబల్. ప్రతి సింబల్‌కూ ఒక సంచి లాంటి ప్రాపర్టీ లిస్ట్ ఉంటుంది. మేక్-అబ్సొలీట్ అనే ఫంక్షన్ ఆ సంచిలో ఒక చీటీ వేస్తుంది. తర్వాత అదే పేరుతో మీరు కొత్త ఫంక్షన్ రాసినా ఆ చీటీ సంచిలోనే ఉంటుంది. ఆ పేరు వెనక ఉన్న ఫంక్షన్ ఎవరు రాశారో కంపైలర్ చూడదు, చీటీ ఉందా లేదా చూస్తుంది. దుకాణం చేతులు మారినా పాత బోర్డు దించకపోతే బాకీ కోసం వచ్చినవాళ్లు కొత్త ఓనరునే అడుగుతారు, అలాగన్నమాట.

మొదటి పని: శుభ్రమైన ఈమ్యాక్స్‌లో మళ్లీ రప్పించండి

పొద్దున్నుంచి తెరిచి ఉన్న ఈమ్యాక్స్‌లో కంపైల్ చేసి వచ్చిన వార్నింగును నమ్మకండి. మీరు పొద్దున లోడ్ చేసిన పాత క్లాసులు, పేరు మార్చక ముందు వేసిన ముద్రలు అన్నీ ఆ సెషన్‌లో బతికే ఉంటాయి. కోడ్‌లోంచి తీసేసినా సింబల్ సంచిలోంచి పోవు.

పాత కంపైల్డ్ ఫైళ్లు, అంటే ఈఎల్‌సీ తోక ఉన్నవి, అన్నీ తీసేయండి. ఈమ్యాక్స్ మామూలుగా సోర్స్ ఫైల్ కొత్తదైనా పాత కంపైల్డ్ ఫైల్‌నే లోడ్ చేస్తుంది. లోడ్-ప్రిఫర్-న్యూవర్ అనే సెట్టింగును టీగా, అంటే ‘అవును’గా, పెట్టుకుంటే ఆ బాధ ఉండదు, పెట్టుకోనివాళ్లే ఎక్కువ. ఆ తర్వాత టెర్మినల్‌లో:

ఈమ్యాక్స్ -క్యూ --బ్యాచ్ -ఎల్ . -ఎఫ్ బ్యాచ్-బైట్-కంపైల్ తక్‌పట్టీ.ఈఎల్

క్యూ, ఎల్ పెద్దక్షరాలు, ఎఫ్ చిన్నది. క్యూ వల్ల మీ సొంత సెట్టింగులు ఏవీ రావు. ఎల్ తర్వాతి చుక్క, ‘పక్క ఫైళ్లను ఈ ఫోల్డర్‌లో వెతుకు’ అని చెప్పడానికి.

ఇక్కడ వార్నింగు రాలేదా? అయితే మీ సెషన్‌లో మిగిలిపోయిన పాత చీటీయే కారణం, ఈమ్యాక్స్ మూసి తెరిస్తే సరి. సగం మంది కథ ఇక్కడే ముగుస్తుంది. వచ్చిందా? ముందుకు పదండి.

రెండో పని: చీటీ తీసి చదవండి

నాకు వచ్చిన వార్నింగు సారాంశం ఇది: "లాట్-లిస్ట్-పీ అనే ఫంక్షన్ 25.1 నుంచి అబ్సొలీట్. దాని బదులు సీఎల్-టైప్‌పీ వాడి, లిస్ట్-ఆఫ్ లాట్ అని అడగండి."

నా ప్రోగ్రాంలో రెండు క్లాసులున్నాయి. ఒక రైతు తెచ్చిన ఒక రకం సరుకు ఒక లాట్. ఒక రోజు లాట్లన్నీ, వాటి మొత్తాలతో కలిపి పెట్టే క్లాసు లాట్-లిస్ట్.

(డెఫ్‌క్లాస్ లాట్ ()
  ((రకం :ఇనిట్ఆర్గ్ :రకం)
   (బస్తాలు :ఇనిట్ఆర్గ్ :బస్తాలు)))

(డెఫ్‌క్లాస్ లాట్-లిస్ట్ ()
  ((తేదీ :ఇనిట్ఆర్గ్ :తేదీ)
   (లాట్లు :ఇనిట్ఆర్గ్ :లాట్లు)))

డెఫ్‌క్లాస్ రాయగానే ఈఐఈఐఓ మీ తరఫున ఒక పరీక్ష ఫంక్షన్ కూడా తయారు చేస్తుంది. క్లాసు పేరు చివర పీ అన్న తోక తగిలిస్తే అదే. ‘ఈ వస్తువు లాట్-లిస్టేనా?’ అని అడగడానికి లాట్-లిస్ట్-పీ. నేను వాడింది అదే. మరి అది పాతదెలా అవుతుంది?

సంచి తెరిచి చూడండి. ఈమ్యాక్స్‌లో మీ ఫైల్ లోడ్ చేసి, మెటా కీతో కోలన్ నొక్కి ఇది ఇవ్వండి:

(గెట్ 'లాట్-లిస్ట్-పీ 'బైట్-అబ్సొలీట్-ఇన్ఫో)

మూడు ముక్కల జాబితా వస్తుంది. మొదటిది ‘బదులు ఏం వాడాలి’ అన్న వాక్యం, మధ్యలో నిల్ (అంటే ‘ఏమీ లేదు’), చివర వెర్షన్ సంఖ్య. మీ వార్నింగు ఫంక్షన్ గురించి కాక వేరియబుల్ గురించి అయితే ఇన్ఫో బదులు బైట్-అబ్సొలీట్-వేరియబుల్ అని అడగాలి.

ఆ మొదటి ముక్కనే నింపాదిగా చదవండి. అసలు ఆచూకీ అందులోనే ఉంది. ‘లిస్ట్-ఆఫ్ లాట్’ అంటోంది, ‘లాట్-లిస్ట్’ అనడం లేదు. అంటే ఈ చీటీ వేసింది లాట్-లిస్ట్ క్లాసు కాదు, దాని పక్కింటి లాట్ క్లాసు.

జరిగింది ఇది. పాత ఈఐఈఐఓలో ప్రతి క్లాసుకూ ఒకటి కాదు, మూడు పరీక్షలు పుట్టేవి. క్లాసు పేరు లాట్ అయితే లాట్-పీ, లాట్-చైల్డ్-పీ, లాట్-లిస్ట్-పీ. రెండోది ‘లాట్ గానీ దాని సంతానం గానీ అవునా’ అని అడుగుతుంది. మూడోది ‘ఇది లాట్లు మాత్రమే ఉన్న జాబితానా’ అని. 25.1లో చివరి రెండింటినీ పాతవిగా ప్రకటించారు, కానీ పాత కోడ్ కోసం ఇంకా పుట్టిస్తూనే ఉన్నారు. పుట్టించిన వెంటనే ముద్ర కూడా కొడతారు. నేనేమో తెలియక, లాట్ క్లాసు పుట్టించే పాత పేరు సరిగ్గా నా కొత్త క్లాసు పరీక్ష పేరుతో కలిసిపోయేలా లాట్-లిస్ట్ అని పేరు పెట్టుకున్నాను. అదే సింబల్, రెండు వాడకాలు, చీటీ ఒక్కటే.

మీ క్లాసు పేర్లలో ఒకటి ఇంకోదానికి -లిస్ట్ గానీ -చైల్డ్ గానీ తగిలిస్తే వచ్చేలా ఉందేమో చూసుకోండి. బిల్, బిల్-లిస్ట్. నోడ్, నోడ్-చైల్డ్. ఇలాంటి పేర్లు ఎవరైనా పెడతారు.

చీటీ ఎవరు వేశారో వాక్యం చదివినా తేలకపోతే, డీబగ్-ఆన్-ఎంట్రీ అనే కమాండ్‌కు మేక్-అబ్సొలీట్ అని పేరిచ్చి, ఆ ఫైల్ మళ్లీ లోడ్ చేయండి. ముద్ర కొట్టే ప్రతిసారీ ఈమ్యాక్స్ ఆగి, ఎవరు పిలిస్తే వచ్చిందో వరస చూపిస్తుంది. పని అయ్యాక క్యాన్సిల్-డీబగ్-ఆన్-ఎంట్రీ మర్చిపోకండి. మర్చిపోతే రేపు ఏ ప్యాకేజీ లోడ్ చేసినా అడ్డం వచ్చి నిలబడుతుంది.

ఒక్కోసారి వచ్చి, ఒక్కోసారి రాకపోవడం

ఇది చాలామందిని తికమక పెడుతుంది కాబట్టి కాస్త ఆగుదాం. పై రెండు పాత పేర్ల మీద ముద్ర పడే సమయం ఒకటి కాదు. -చైల్డ్-పీ మీద ముద్ర కొట్టే వరస డెఫ్‌క్లాస్ విప్పుకున్నప్పుడే కోడ్‌లో బయటపడుతుంది, కంపైలర్ దాన్ని అక్కడికక్కడే అమలు చేస్తుంది. అందుకే అది అదే ఫైల్‌లో కూడా వార్నింగు ఇస్తుంది. -లిస్ట్-పీ మీద ముద్ర మాత్రం క్లాసు నిజంగా తయారైనప్పుడు, అంటే ఫైల్ లోడ్ అయినప్పుడే పడుతుంది.

అందుకే నా ప్రోగ్రాం ఒకే ఫైల్‌గా ఉన్నన్నాళ్లూ శుభ్రంగా కంపైల్ అయింది. క్లాసులు ఒక ఫైల్‌లో, తక్‌పట్టీ అచ్చేసే కోడ్ ఇంకో ఫైల్‌లో పెట్టి, రెండోదాంట్లో ‘ముందు ఆ ఫైల్ లోడ్ చేయి’ అని చెప్పే రిక్వైర్ రాసిన రోజున వార్నింగులు మొదలయ్యాయి. రిక్వైర్‌ను కంపైలర్ కంపైల్ చేసేటప్పుడే లోడ్ చేస్తుంది మరి. నేను కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, చోటు మార్చానంతే. తప్పు నాది కాదని ధీమాగా ఉన్నాను.

నేను చేసిన తప్పు

వార్నింగు ఉత్తుత్తిదని తేలింది కదా అని ఫైల్ మొదట్లో బైట్-కంపైల్-వార్నింగ్స్ అనే వేరియబుల్‌ను ‘నాట్ అబ్సొలీట్’ అని పెట్టేశాను. ఆ ఫైల్‌లో అబ్సొలీట్ వార్నింగులన్నీ మాయం. చిన్నాయనకు చూపించాను, ఆయన తలూపాడు.

నాలుగు రోజుల తర్వాత లాట్-లిస్ట్ క్లాసును సొంత ఫైల్‌లోకి మార్చాను. మెయిన్ ఫైల్‌లో రిక్వైర్ వరసలను సర్దుతూ లాట్-లిస్ట్ ముందు, లాట్ తర్వాత రాశాను. కంపైల్ చేస్తే ఒక్క వార్నింగూ లేదు. పొద్దున గుమస్తా ఫోన్ (లాట్-లిస్టును ఆయన చిట్టా అంటాడు): "సార్, ఏ చిట్టా ఇచ్చినా ఇది చిట్టా కాదంటుంది. ఏం ఇయ్యకుంటె మాత్రం ఖాళీ తక్‌పట్టీ కొడుతుంది."

వరస తిరగబడింది. ఇంతకు ముందు లాట్ ముందు తయారయ్యేది. అది లాట్-లిస్ట్-పీ అనే పాత పరీక్షను పుట్టించి ముద్ర కొట్టేది. ఆ తర్వాత లాట్-లిస్ట్ వచ్చి అదే పేరులో తన సొంత పరీక్షను పెట్టేది. ఫంక్షన్ సరైనదే, ముద్ర ఒక్కటే తప్పు. ఇప్పుడు లాట్-లిస్ట్ ముందు తయారై తన పరీక్ష పెట్టుకుంది. వెనక లాట్ వచ్చి, ఆ పరీక్షను చెరిపేసి పాత జాబితా పరీక్షను కూర్చోబెట్టింది. ఆ పాత పరీక్ష అడిగేది ‘ఇది జాబితానా, అందులో ఉన్నవన్నీ లాట్లేనా’ అని. నా లాట్-లిస్ట్ ఆబ్జెక్ట్ జాబితా కాదు కాబట్టి కాదంది. నిల్ ఇస్తే మాత్రం, నిల్ అంటే ఖాళీ జాబితా కాబట్టి, అందులో తప్పు సరుకేదీ లేదు కాబట్టి, అవునంది.

అంటే మొదటి వరసలో ఉత్తుత్తిదైన వార్నింగు, రెండో వరసలో నూటికి నూరుపాళ్లు నిజం. సరిగ్గా అది నిజమైన రోజుకే నేను దాని నోరు కట్టేసి ఉంచాను. ఆ పొద్దున యార్డులో కాంటాల దగ్గర బస్తాలు ఆగాయి, హమాలీలు నిలబడిపోయారు, తూకం వేసే దడ్వాయి చేతిలో లెక్క చీటీ పట్టుకుని మా దుకాణం వైపు చూస్తున్నాడు. గుమస్తా మళ్లీ పెన్ను తీశాడు. చిన్నాయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

మూడో పని: సరైన మందు ఎంచుకోండి

అన్నిటికంటే మంచిది పేరు మార్చడం. నేను లాట్-లిస్ట్‌ను లాట్-చిట్టా చేశాను. ముద్ర పడే పేరుతో సంబంధమే తెగిపోతుంది, ఏ వరసలో లోడ్ చేసినా పేచీ ఉండదు. బద్ధకించకండి, క్లాసు కొత్తదైతే ఇంతకు మించిన మందు లేదు.

పేరు మార్చేటప్పుడు ఒక్కచోట జాగ్రత్త. ఆబ్జెక్ట్‌లను ఫైల్‌లో దాచుకోవడానికి ఈఐఈఐఓ-పర్సిస్టెంట్ వాడుతుంటే, దాచిన ఫైల్‌లో బ్రాకెట్ తెరిచిన వెంటనే క్లాసు పేరే ఉంటుంది. కోడ్‌లో మార్చి ఆ ఫైళ్లలో మార్చకపోతే పాత రోజుల లెక్కలు తెరుచుకోవు. ముందు కాపీ తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత అన్ని ఫైళ్లలోనూ పేరు మార్చండి.

పేరు మార్చే వీలు లేదనుకోండి, ఇతరులు ఇప్పటికే వాడుతున్న ప్యాకేజీ అనుకోండి. అప్పుడు పీ తోక ఉన్న పరీక్షను వదిలేసి ఇలా అడగండి:

(సీఎల్-టైప్‌పీ వస్తువు 'లాట్-లిస్ట్)

ఇది ఆ గొడవ పడే పేరును ముట్టుకోదు. డెఫ్‌క్లాస్ లోపల క్లాసు పేరు తర్వాత రెండు అడ్డగీతలు పెట్టి, ఈఐఈఐఓ-చైల్డ్‌పీ అన్న తోకతో ఇంకో పరీక్షను రహస్యంగా తయారు చేసుకుంటుంది. సీఎల్-టైప్‌పీ దాన్నే పిలుస్తుంది. అందుకే లోడ్ అయ్యే వరస ఎటు మారినా జవాబు మారదు. ఒక తేడా మాత్రం ఉంది. పీ పరీక్ష అచ్చంగా ఆ క్లాసుకు చెందిన వస్తువుకే అవునంటుంది. సీఎల్-టైప్‌పీ దాని సంతాన క్లాసుల వస్తువులకు కూడా అవునంటుంది. ఎక్కువసార్లు మీకు కావలసింది రెండోదే అయి ఉంటుంది, అయినా ఒకసారి ఆలోచించుకోండి.

మూడో దారి, చీటీని చేత్తో తీసేయడం. రెండు క్లాసులూ ఒకే ఫైల్‌లో, లాట్ ముందు, లాట్-లిస్ట్ తర్వాత ఉంటేనే ఈ దారి పట్టండి. ఆ రెండిటి కింద:

(పుట్ 'లాట్-లిస్ట్-పీ 'బైట్-అబ్సొలీట్-ఇన్ఫో నిల్)

పని చేస్తుంది. అయితే ఎందుకు రాశారో పైన కామెంట్ పెట్టకపోతే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. రేపు ఎవరో వరస మారిస్తే నా కథే మళ్లీ మొదలు. నాకు ఈ దారి అంతగా నచ్చదు.

ఆఖరి దారి, ఆ ఒక్క పిలుపు దగ్గరే నోరు కట్టడం. 2020లో వచ్చిన 27.1 నుంచి విత్-సప్రెస్డ్-వార్నింగ్స్ ఉంది:

(విత్-సప్రెస్డ్-వార్నింగ్స్ ((అబ్సొలీట్ లాట్-లిస్ట్-పీ))
  (లాట్-లిస్ట్-పీ వస్తువు))

ఏ రకం వార్నింగు, ఏ పేరు అని రెండూ చెప్పాలి, మిగతావన్నీ యథావిధిగా వస్తాయి. దీనికంటే పాతదైన విత్-నో-వార్నింగ్స్ మాత్రం లోపల ఉన్నదాని మీద అన్ని వార్నింగులనూ మింగేస్తుంది, స్పెల్లింగ్ తప్పిన ఫంక్షన్ పేరును కూడా. నేను మొదట చేసినట్టు ఫైల్ మొత్తానికి ‘నాట్ అబ్సొలీట్’ పెట్టడం గురించి చెప్పేదేముంది, చూశారుగా.

ఇంకొకటి మీ చెవిన పడుతుంది. ఈఐఈఐఓ-బ్యాక్‌వర్డ్-కంపాటిబిలిటీ అనే వేరియబుల్‌ను నిల్ చేస్తే పాత పేర్లు పుట్టనే పుట్టవు. నిజమే. కానీ అది మీ ఒక్క ప్యాకేజీకి కాదు, మొత్తం ఈమ్యాక్స్‌కు స్విచ్చు. వాడేవాళ్ల దగ్గర పాత పద్ధతి మీద నడిచే ఇంకో ప్యాకేజీ ఉంటే, దాని కరెంటు మీరు తీసేసినట్టే. మీ సొంత మిషన్‌లో పరీక్షించడానికి పెట్టుకోండి, ఇతరులకు ఇచ్చే కోడ్‌లో పెట్టకండి.

వేరియబుల్ మీద వచ్చే ఉత్తుత్తి వార్నింగు

ఇది వేరే రకం, కానీ కారణం అన్నదమ్ములదే. పాత రోజుల్లో క్లాసు పేరుతో ఒక వేరియబుల్ కూడా పుట్టేది. దాని విలువ ఆ పేరే. అందుకే కోట్ పెట్టకుండా మేక్-ఇన్‌స్టెన్స్ లాట్ అని రాసినా నడిచేది. ఇప్పుడు ఆ వేరియబుల్ మీద కూడా 25.1 ముద్ర ఉంది. కోట్ పెట్టడం మర్చిపోయి వార్నింగు వస్తే అది నిజమైనదే, కోట్ పెట్టండి.

కానీ మీరు ఒక ఫంక్షన్‌లో లెట్‌తో లాట్ అనే సొంత లోకల్ వేరియబుల్ పెట్టుకున్నా వార్నింగు వస్తుంటే, ఫైల్ మొదటి వరస చూడండి. లెక్సికల్-బైండింగ్ టీ అన్న గుర్తు అక్కడ ఉందా? లేకపోతే కంపైలర్ దృష్టిలో మీ లాట్ లోకల్ కాదు, ఊరందరిదీ. కాబట్టి దాని సంచిలోని చీటీని చదివి వినిపిస్తుంది. గుర్తు ఉంటే అది మీ ఫంక్షన్ లోపలి పేరని తెలిసి ఊరుకుంటుంది. ఈమ్యాక్స్ 30 అయితే ఆ గుర్తు లేని ఫైల్‌ను కంపైల్ చేసినా విడిగా ఒక వార్నింగు ఇస్తుంది, కాబట్టి పెట్టడమే మేలు. పాత ఫైల్ అయితే పెట్టాక ఒకసారి అంతా నడిపి చూడండి. ఒక ఫంక్షన్‌లో లెట్‌తో పెట్టిన విలువ అది పిలిచిన ఇంకో ఫంక్షన్‌కు అందుతుందని నమ్ముకున్న చోట్లు, ఆ పేరుకు డెఫ్‌వార్ రాసి లేకపోతే, విరుగుతాయి.

ఉత్తుత్తివి కానివి

వార్నింగులో డెఫ్‌మెథడ్, డెఫ్‌జెనరిక్ అని ఉంటే వెతకాల్సిన పని లేదు, అవి నిజం. ముందు సీఎల్ అని తగిలించండి, అంటే సీఎల్-డెఫ్‌మెథడ్, సీఎల్-డెఫ్‌జెనరిక్. పాతదాంట్లో బిఫోర్, ఆఫ్టర్ లాంటివి పేరు తర్వాత పెట్టే అలవాటు కొత్తదాంట్లోనూ అలాగే ఉంది. కాల్-నెక్స్ట్-మెథడ్ మాత్రం సీఎల్-కాల్-నెక్స్ట్-మెథడ్ అవుతుంది, సగం మంది అక్కడే దొరికిపోతారు.

కొత్త ఆబ్జెక్ట్ చేసేటప్పుడు మొదట ఒక పేరు స్ట్రింగుగా ఇస్తే వచ్చే వార్నింగూ నిజమే. ఉదాహరణకు (లాట్ "తేజ" :బస్తాలు 40). ఆ స్ట్రింగు తీసేయండి. రకం కావాలంటే స్లాట్ ఉంది కదా, అందులో పెట్టండి. ఇక్కడ కంపైలర్ అటువైపు తప్పు కూడా చేస్తుంది, అదీ తెలిసి ఉండాలి. అది పట్టుకునేది కోట్‌లలో ఉన్న స్ట్రింగునే. అదే పేరును వేరియబుల్‌లో పెట్టి ఇస్తే కంపైలర్‌కు కనబడదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు పాత కోడ్‌ను మన్నించే స్విచ్చు టీగా ఉంటే, ఆ పేరును కిక్కురుమనకుండా పక్కన పడేస్తుంది. రాని వార్నింగులను వెతకాలంటే మీ కన్‌స్ట్రక్టర్ పిలుపులన్నీ గ్రెప్ చేసి, మొదటి మాట కోలన్‌తో మొదలవుతోందో లేదో చూడడమే.

మీరే ముద్ర కొట్టేటప్పుడు

మీ ప్యాకేజీలో జెనరిక్ ఫంక్షన్ పేరు మారుస్తుంటే, ఇతరులకు ఉత్తుత్తి వార్నింగులు పంచకండి. పాత పేరు మీద మెథడ్‌లు అలాగే ఉంచి పైన మేక్-అబ్సొలీట్ రాస్తే, మీ సొంత సీఎల్-డెఫ్‌మెథడ్‌లే మీ మీద ఫిర్యాదు చేస్తాయి. మెథడ్‌లన్నీ కొత్త పేరు మీదికి మార్చి, పాతదానికి డిఫైన్-అబ్సొలీట్-ఫంక్షన్-ఏలియాస్ ఒక్కటే రాయండి. బయటివాళ్లు పాత పేరు మీద మెథడ్ రాసినా, ఏలియాస్ వెంట నడిచి అది కొత్త జెనరిక్‌కే చేరుతుంది. వాళ్లకు ఒక్క వార్నింగు వస్తుంది, అదీ నిజమైనది. 25.1 అన్న చోట మీ ప్యాకేజీ పేరు, వెర్షన్ రాయండి. లేకపోతే చదివేవాళ్లు అది ఈమ్యాక్స్ వెర్షన్ అనుకుంటారు.

ఆఖరి పని: మళ్లీ రాకుండా కాపలా

మొదట చెప్పిన కంపైల్ వరసలోనే, బ్యాచ్ తర్వాత ఇది కూడా చేర్చండి:

--ఎవాల్ "(సెట్‌క్యూ బైట్-కంపైల్-ఎర్రర్-ఆన్-వార్న్ టీ)"

ఇక ఏ వార్నింగు వచ్చినా కంపైల్ ఆగిపోతుంది. ఒక్కటి చూసీ చూడనట్టు వదిలేద్దామన్నా వీలుండదు. దానితో పాటు ఈమ్యాక్స్‌తో వచ్చే టెస్టు లైబ్రరీ ఈఆర్‌టీతో రెండు వాక్యాల టెస్టు రాసుకోండి. నిజమైన చిట్టా ఇస్తే అవునని, నిల్ ఇస్తే కాదని చెప్పాలి. టెస్టును రెండుసార్లు నడపండి, ఒకసారి లాట్ ఫైల్ ముందు లోడ్ చేసి, ఒకసారి చిట్టా ఫైల్ ముందు లోడ్ చేసి. రెండుసార్లూ వేర్వేరు బ్యాచ్ ఈమ్యాక్స్‌లు కావాలి, ఒకే సెషన్‌లో నడిపితే మొదటిసారి పడ్డ చీటీలు రెండోసారి లెక్కలోకి వస్తాయి.

నేను ఇది పెట్టిన సాయంత్రమే ఇంకో వార్నింగు పట్టుబడింది. గుమస్తా కోసం రాసిన ఒక చిన్న ఫైల్, కాంటా అనే క్లాసు ఉన్న ఫైల్‌ను రిక్వైర్ చేస్తుంది, మొదటి వరసలో లెక్సికల్-బైండింగ్ లేదు, లోపల లెట్‌లో కాంటా అనే పేరు. గుర్తు పెట్టి, అంతా మళ్లీ నడిపి, వండర్ హాట్ నలభై బస్తాల లాటు ఒకటి కొట్టి చూశాను. తక్‌పట్టీ సరిగ్గా వచ్చింది. గుమస్తా దాన్ని తీసుకుని, చేత్తో రాసిన పాత పుస్తకంలోని లెక్కతో ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకున్నాడు.